షెడ్డు 112లో ఇల్లాలి వయసు 34 నుంచి 22కి తగ్గింది. ఈ రిపోర్టు ఎలా రాయాలి?

‘కళ్యాణదుర్గం టు కాడుగోడి’ అనే పేరుతో ఒకామె అడిగిన ప్రశ్న:

నేను బెంగళూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఆఫీసులో నా ఉద్యోగం పేరు ‘ఎం అండ్ ఈ ఆఫీసర్’. పర్యవేక్షణ, మూల్యాంకనం అని తెలుగులో చెబితే మా అమ్మ ‘అంటే ఏం పని?’ అంది. ఇచ్చిన డబ్బుతో పని నిజంగా జరిగిందా, జరిగితే ఎవరికైనా పనికొచ్చిందా అని చూడటం అన్నాను. ‘దానికి కూడా జీతమిస్తారా?’ అంది. ఇస్తారు. ఇలాంటి నెలల్లో మాత్రం ఆ జీతం తక్కువే అనిపిస్తుంది.

విషయం ఇది. వైట్‌ఫీల్డ్ అవతల ఒక ప్రైవేటు స్థలంలో 184 రేకుల షెడ్లు ఉన్నాయి. సగానికి పైగా అనంతపురం, ఆదోని వైపు నుంచి వచ్చిన బేల్దారి పనివాళ్లు, మిగతావాళ్లు రాయచూరు, యాద్గిర్ వాళ్లు. స్థలం యజమాని షెడ్డుకు ఇంత అని నెలనెలా అద్దె వసూలు చేసుకుంటాడు. ఒక కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే సామాజిక బాధ్యత కింద, ఇచ్చిన 28 లక్షలతో అక్కడ మేం మరుగుదొడ్లు కట్టించాం. ఆడవాళ్లకు 6, మగవాళ్లకు 6, స్నానానికి 4 గదులు, కింద సంపు, పైన ట్యాంకు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో బేస్‌లైన్ సర్వే (కట్టకముందు లెక్క), ఆగస్టులో రిబ్బన్ కటింగ్, ఈ జులైలో ఎండ్‌లైన్ సర్వే (కట్టాక లెక్క).

ఎండ్‌లైన్ చూస్తే కళ్లు తిరిగాయి. బేస్‌లైన్‌లో మరుగుదొడ్డి వాడుతున్నామన్న కుటుంబాలు 12 శాతం. ఇప్పుడు 91. ప్రపోజల్‌లో రాసిన టార్గెట్ 80. ఆ 80 ఎక్కడి నుంచి వచ్చిందంటారా, రాత్రి పదకొండు గంటలకు పాత ప్రపోజల్‌లోంచి నేనే కాపీ చేశాను. మా డైరెక్టర్ సార్ గ్రాఫ్ చూసి ఆఫీసంతటికీ మైసూర్‌పాక్ తెప్పించారు.

నాకే మనసాగక రెండు సర్వేలూ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాను. షెడ్డు 112 దగ్గర ఆగిపోయాను. బేస్‌లైన్‌లో ఆ ఇంటి ఇల్లాలికి 34 ఏళ్లు, ముగ్గురు పిల్లలు. ఎండ్‌లైన్‌లో ఆమెకు 22 ఏళ్లు, పిల్లలే లేరు. టైపింగ్ తప్పేమో అనుకుని 113 చూశాను. అక్కడ ఆదోని కుటుంబం కాస్తా యాద్గిర్ కుటుంబమైపోయింది. అప్పుడు వెలిగింది. మేం ‘కుటుంబం ఐడీ’ అని పెట్టుకున్నది రేకు మీద ఎర్ర పెయింటుతో రాసిన షెడ్డు నంబరు. మనుషులు మారారు, రేకు మారలేదు. సర్వే కుర్రాడు నంబరు చూసి, తలుపు తీసినవాళ్లని అడిగి, అదే ఐడీ కింద నింపేశాడు.

మర్నాడు నేనే వెళ్లి షెడ్డు షెడ్డూ తిరిగాను. 71 షెడ్లలో పాతవాళ్లే ఉన్నారు. 62 షెడ్లలో కొత్తవాళ్లు. 51 షెడ్లకు తాళం, లేదా రేకులే విప్పేశారు. అంటే మా 91 శాతంలో దాదాపు సగం మంది, మరుగుదొడ్లు లేని రోజుల్లో అక్కడ లేనేలేరు. వాళ్లకు ‘ముందు’ అనేదే లేదు, ‘తర్వాత’ మాత్రమే ఉంది.

పైగా జులైలో సర్వే పెట్టింది మేమే. వాన పడితే మా వైపు వాళ్లు శనక్కాయ విత్తనానికి ఊరికి పోతారని ప్రాజెక్టులో ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. కళ్యాణదుర్గంలో పుట్టి, పెరిగి, ఆ సంగతే మర్చిపోయాను. సిగ్గుగా ఉంది.

ఇంకో మాట. తిరుగుతూ తిరుగుతూ ఆడవాళ్ల వైపు గదులన్నీ తెరిచి చూశాను. ముందు నాలుగూ తడిగా ఉన్నాయి, బకెట్లున్నాయి, గూట్లో అరిగిపోయిన సబ్బుముక్క ఉంది. చివరి రెండింటిలో నేల పొడిగా ఉంది. గడియకూ గోడకూ మధ్య సాలెగూడు కట్టి ఉంది. ఒక్కరోజులో కట్టిన గూడు కాదది, దుమ్ము పట్టి బూడిదరంగులోకి వచ్చేసింది.

సార్ వాదన ఏమిటంటే, ‘మనం సదుపాయం పెట్టింది ఆ చోటుకి. ఎవరుంటే వాళ్లు వాడుకుంటారు. ఉన్నవాళ్లలో 91 శాతం వాడుతున్నారు, రాసెయ్’. ఆ మాటని పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను, అదే నా బాధ. పాతవాళ్లు 71 మందినే లెక్కలోకి తీసుకోనా? అందరినీ కలిపి కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రాయనా? లేదంటే మళ్లీ ఫిబ్రవరి దాకా ఆగుదామని అడగనా? ఫండర్, అంటే డబ్బిచ్చిన కంపెనీవాళ్లు, ‘చట్టం ప్రకారం ఇంపాక్ట్ రిపోర్టు కావాలి’ అంటున్నారు. గడువు 25వ తేదీ. ఇలాంటిది మీకెవరికైనా ఎదురైందా?

---

టేబుల్ అవతలివాడు ఇచ్చిన జవాబు:

నేను ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగంలో ఉన్నాను, మీదే ఊరు. ముందు ఆ ‘చట్టం’ టెన్షన్ తీసేస్తాను.

కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ కింద వచ్చే కంపెనీలు అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే పని వల్ల ఏం మారిందో కొలవడం, తప్పనిసరి అన్నది 2021 జనవరిలో రూల్స్ మార్చినప్పుడు వచ్చింది. అది కూడా అందరికీ కాదు. సీఎస్ఆర్ బాధ్యత మూడేళ్ల సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీకి మాత్రమే. అందులోనూ కోటి రూపాయలు, ఆపైన ఉన్న ప్రాజెక్టుకే. ప్రాజెక్టు పూర్తయి కనీసం ఏడాది గడిచాక, స్వతంత్ర సంస్థ చేత చేయించాలి. మీది 28 లక్షలు. తెరిచి ఇంకా ఏడాది కాలేదు. కట్టించిన మీరే రాస్తే అది స్వతంత్రం ఎలా అవుతుంది? కాబట్టి మీ ఫండర్ అడిగేది చట్టం కోసం కాదు, వాళ్ల కమిటీ మీటింగులో పెట్టే స్లైడు కోసం. నేనూ అదే పని చేస్తాను కాబట్టి చెప్తున్నా.

అంటే బేరానికి చోటుందన్నమాట. రిపోర్టు పంపాక కాదు, పంపకముందే ఫోన్ చేయండి. 91 అని నా ఫైల్లోకి వస్తే నేను హాయిగా సంతకం పెట్టేస్తాను. ఆర్నెల్ల తర్వాత మా పెద్దాయన ఒకాయన సరదాగా సైటుకి వెళ్లి మీ సాలెగూడు చూశాడనుకోండి, అప్పుడు నన్ను పిలుస్తారు. అసలు లెక్క 55 అనుకోండి, అది ముందే తెలిస్తే 55కి తగ్గ మాటలు నేనే వెతుక్కుంటాను. అది నాకు అలవాటే.

---

తనిఖీ పెద్దాయన ఇచ్చిన జవాబు:

అమ్మా, మాది నార్పల మండలం. 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలుపెట్టడానికి మన్మోహన్ సింగ్ వచ్చిన రోజు ఆ జనంలో నేనూ ఉన్నాను. తర్వాత కొన్నేళ్లు సామాజిక తనిఖీ బృందాల్లో తిరిగాను. ఇప్పుడు కొడుకు దగ్గర హెబ్బాళలో మనవణ్ని బడికి దించి వస్తుంటాను. మీ రేకు నంబర్ల కథ చదివితే నవ్వొచ్చింది. మాకు జాబ్ కార్డు నంబర్లు ఉండేవి. మనిషి పోయినా కార్డు బతికే ఉండేది.

ఆ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభకి సామాజిక తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. మన రాష్ట్రంలో దాన్ని ఎలా నడిపామో చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్లం. మస్టర్ల, అంటే కూలీల హాజరు పట్టీల, కాపీలు చేతబట్టుకుని ఊరికి పోయేవాళ్లం, బళ్లోనో గుళ్లోనో పడుకునేవాళ్లం. పనులు చేయించినవాళ్ల ఇంట్లో కాఫీ కూడా తాగకూడదని మాలో మాకు కట్టుబాటు. ఇల్లిల్లూ తిరిగి, ‘నీ పేరు మీద 14 రోజులు పని రాసుంది, చేసినావా? దుడ్లు ఎంత వచ్చినాయి?’ అని అడిగి రాసుకునేవాళ్లం. ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక. అధికారులు ఒకవైపు, జనం ఒకవైపు. కాగితంలో ఉన్నది పైకి చదవడమే మా పని.

ఆ చదవడంలోనే ఉంది అంతా. ఒక ఊళ్లో, ఊరి పేరు వద్దులే, నేను మస్టరు చదువుతున్నాను. ఒక పేరు దగ్గర వెనక నుంచి ఒక ముసలామె లేచి, ‘ఆయప్ప సచ్చి రెండేండ్లాయె. మట్టిపనికి ఎప్పుడొచ్చినాడు నాయనా?’ అంది. ఎవరూ నవ్వలేదు. ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఆ పేరున్న ఇంటికి తాళం వేసి ఉందని మా కుర్రాడు వదిలేసి వచ్చాడు. ఇల్లు చెప్పనిది పక్కింటావిడ చెప్పింది.

మీరు చేయాల్సిందీ అదే అనిపిస్తుంది. ఆదివారం బటవాడా అయ్యాక, వంటలు అయ్యాక, రాత్రి ఎనిమిదికి షెడ్ల మధ్య నిలబడి మీ లెక్క మీరే పైకి చదవండి. ఎంత డబ్బు వచ్చింది, గదులెన్ని, ఊడ్చే ఆమెకు జీతమెంత, ట్యాంకరుకు ఎంత, ‘నూటికి 91 మంది వాడుతున్నారని రాశాం’ అని కూడా. ఆ మాట విన్నాక వాళ్ల ముఖాలు చూడండి.

రెండోది. మీరు 71, 62, 51 అని లెక్క చెప్పారు గానీ, పోయిన 113 కుటుంబాలు ఎక్కడున్నాయో ఒక్క ముక్క రాయలేదు. మీ సార్ మరిచిపోయింది వాళ్లనే, మీరూ మరిచిపోయారు. మనవాళ్లు ఎక్కడికి పోయినా పక్క షెడ్డుకు తెలుస్తుంది. బేస్‌లైన్‌లో ఫోన్ నంబర్లు రాసుకునే ఉంటారు కదా. చేయండి. విత్తనానికి ఊరికి పోయినవాళ్లు కొందరు, ఇంకో సైటుకు పోయినవాళ్లు కొందరు ఉంటారు. ఈ రెండూ కానివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో కాసేపు ఎక్కువ మాట్లాడండి.

---

కళ్యాణదుర్గం టు కాడుగోడి:

పెద్దాయనా, నమస్కారం. ఆ 113 మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నిజమే, దొరికినవాళ్లని ఎలా కూడాలా అనే చూస్తున్నాను.

ఇంకో దరిద్రం బయటపడింది. మేం సర్వేకి కోబో యాప్ వాడతాం. ఫారం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎక్కడ నిలబడి నింపారు అన్నీ దానంతట అదే రాసుకుంటుంది. ఒక ఆదివారం 14 ఫారాలు 46 నిమిషాల్లో అయిపోయాయి. పద్నాలుగింటికీ లొకేషన్ ఒక్కటే. మ్యాప్‌లో చూస్తే గేటు బయట టీ బంకు. మా ఫారం నిజాయితీగా నింపితే ఒక్కదానికే పావుగంట పడుతుంది.

ఆ కుర్రాడిని తిట్టబుద్ధి కాలేదు. ఫారానికి 40 రూపాయలు ఇస్తున్నాం. ఇంటికి తాళం ఉంటే సున్నా. నేనైనా టీ బంకు దగ్గరే కూర్చునేదాన్నేమో. పదింటికి ఒకటి చొప్పున మళ్లీ వెళ్లి సరిచూడాలని మా మాన్యువల్‌లోనే ఉంది. ఆ వారం ఆడిట్ ఉందని నేనే వదిలేశాను. ఆ 14 తీసేస్తున్నాను.

---

సెంట్రింగ్ మేస్త్రి కొడుకు ఇచ్చిన జవాబు:

అక్కా, నేను ఇట్లాంటి షెడ్లలోనే పెరిగినా. మారతహళ్లి దగ్గర ఆరేండ్లు ఉన్నాం. ఇప్పుడు క్యాబ్ తోలుతా. సర్వేవాళ్లు అంటే మాకు పండగ, బిస్కెట్లు ఇస్తారని. మా అమ్మ వయసు ఒక్కో సర్వేలో ఒక్కో మాదిరి ఉంటుంది. 112లో నిజంగానే మనిషి మారింది గానీ, మా అమ్మ అయితే మారకుండానే 34 నుంచి 22కి వచ్చుండేది.

‘మరుగుదొడ్డి వాడుతున్నారా’ అని మెడలో ట్యాగేసుకుని అడిగితే ‘లేదు’ అని ఎవరు చెప్తారక్కా? లేదంటే మూసేస్తారేమో అని భయం. అవునంటే తర్వాత ఇంకేదైనా కట్టిస్తారేమో అని ఆశ. పక్కనే మేస్త్రి నిలబడి ఉంటాడు. మా అమ్మకు కన్నడ రాదు, అడిగేవాళ్లకు తెలుగు రాదు, ఎవరేం అడిగినా ‘బాగుంది సార్’ అనేది. రాసుకునిపోయేవాళ్లు.

నేను చిన్న లెక్క చెప్తా, నువ్వు పెద్ద చదువులు చదివినావు, తప్పుంటే చెప్పు. ఏడు గంటలకు టాటా ఏస్ వస్తుంది, అందరూ ఎక్కాల. అన్నం వండి, క్యారియర్ కట్టి, పిల్లల్ని లేపాల. ఆడోళ్లు బాత్రూముకు పోయేది ఐదు నుంచి ఆరున్నర లోపలే. గంటన్నర అంటే 90 నిమిషాలు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు అనుకో. గదికి 18 మంది. 6 గదులకు 108. నీ సాలెగూడు రెండు తీసేస్తే 4 గదులకు 72. ఇప్పుడున్న 133 షెడ్లలో షెడ్డుకు ఒక్క ఆడమనిషినే లెక్క పెట్టినా, 91 శాతం అంటే 121 మంది. 72లో 121 ఎట్ల పట్టినారక్కా? మిగతావాళ్లు పగలు పోతారంటావా? పగలు వాళ్లు సైట్లో ఉంటారు.

మా దగ్గర ముగ్గురు చెల్లెళ్లు. లైన్లో నిలబడే ఓపిక లేక అమ్మ వాళ్లని తోపులోకే తీసుకుపోయేది. అడిగినోళ్లకు మాత్రం ‘బాత్రూమే వాడతాం’ అనేది. అది అబద్ధమని ఆమె అనుకోలేదు. ఎప్పుడో మధ్యాహ్నం ఖాళీ దొరికితే వాడేది కదా.

రేపు పొద్దున ఐదుకు పోయి కూచో. ఏం అడగొద్దు. ఊరికే లెక్కపెట్టు.

---

పెరుంబాక్కం బస్సు ఇచ్చిన జవాబు:

చెన్నై నుంచి. నేను సర్వేలు డిజైన్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. అందరూ మంచి మాటలు చెప్పారు గానీ ఒక విషయంలో నాకు తేడా ఉంది. పాతవాళ్లు 71 మందినే తీసుకుంటే నిజం బయటపడుతుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. పడదు. కదలకుండా ఉండగలిగినవాళ్లు వేరే రకం మనుషులు. వాళ్లకు ఏడాది పొడవునా పని దొరికింది, అద్దె కట్టగలిగారు. వాళ్ల నంబరు అందరి నంబరు కాదు.

నోబెల్ వచ్చిన పరిశోధకులకే ఇది తప్పలేదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, 52 బస్తీల్లో చిన్న అప్పులిచ్చే సంస్థ ముందు బ్రాంచీలు తెరిచేలా చేసి, మిగతా 52తో పోల్చారు. 2005లో చేసిన బేస్‌లైన్ చిన్నది, బస్తీ అంతటికీ ప్రతినిధి కాదు. అందుకే ఎండ్‌లైన్‌లో ఆ కుటుంబాలనే వెతుక్కుంటూ పోలేదు. 2007లో కొత్తగా జనాభా లెక్క తీసి, కనీసం మూడేళ్లుగా ఆ బస్తీలో ఉంటున్న కుటుంబాల్లోంచి శాంపిల్ తీశారు. ఆ సంగతి పేపర్లో దాచకుండా రాశారు కూడా. మీ షెడ్లలో ఆ మూడేళ్ల నియమం పెడితే ఎంతమంది మిగులుతారు?

ఇక్కడ మాది అదే గొడవ, ఇంకో రూపంలో. 2015 డిసెంబరు వరదల తర్వాత కూవం, అడయార్ ఒడ్డున ఉన్న కుటుంబాలను ఊరి చివర పెరుంబాక్కం ఫ్లాట్లకు పంపారు. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఫ్లాట్‌కి తాళం ఉంటే మా ఫారంలో ‘డోర్ లాక్’ అని ఒక కోడ్ ఉంటుంది, అది కొట్టి పక్క ఫ్లాట్‌కి పోవచ్చు. ఒక బ్లాకులో ఆ కోడ్ మరీ ఎక్కువగా ఉందని మూడుసార్లు, మూడు వేర్వేరు వేళల్లో వెళ్లాం. కొందరు రాత్రి తొమ్మిదికి దొరికారు, నగరంలో ఇళ్లలో పనిచేసి బస్సు దొరికి వచ్చేసరికి ఆ వేళ అవుతుంది. కొందరు ఎప్పుడూ దొరకలేదు. పాత చోటుకి దగ్గర్లో అద్దె గది తీసుకుని, పని దగ్గర్లోనే ఉండిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. ఫ్లాట్ ఇచ్చిన లెక్కలో వాళ్లున్నారు. సర్వేలో లేరు.

మీ ఫారంలో పిల్లల విరేచనాల గురించి కూడా ఉండే ఉంటుంది, అందరూ పెడతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లలకు ‘గత రెండు వారాల్లో’ అని అడుగుతారు, మీరూ అదే అడిగి ఉంటారు. ఫిబ్రవరిలో రెండు వారాలు వేరు, వానాకాలంలో రెండు వారాలు వేరు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి గ్రాఫ్ గీయకండి, దయచేసి. దగ్గర్లో మరుగుదొడ్లు లేని షెడ్లు ఏవైనా ఉంటే ఇదే నెలలో అక్కడ కూడా అడిగితే ఎంతో కొంత పోల్చుకోవచ్చు. లేకపోతే ఆ పేజీ తీసేయండి.

---

కళ్యాణదుర్గం టు కాడుగోడి (పదకొండు రోజుల తర్వాత):

అందరికీ థాంక్స్. విరేచనాల పేజీ తీసేశాను. మిగతాది చెబుతాను.

తమ్ముడు చెప్పినట్టే ఐదింటికి ముందే వెళ్లి ట్యాంకు పక్క ఇటుకల మీద కూర్చున్నాను, మూడు రోజులు. మొదటి రోజు నన్ను చూసి అందరూ బాత్రూముకే వచ్చారు! రెండో రోజుకి అలవాటు పడ్డారు. మూడో రోజు లెక్క రాసుకున్నాను. ఐదు నుంచి ఆరున్నర దాకా లోపలికి వెళ్లిన ఆడవాళ్లు 64. బాటిళ్లు పట్టుకుని వెనక నీలగిరి తోపు వైపు వెళ్లినవాళ్లు 31. ఐదు నలభైకి సంపులో నీళ్లు అయిపోయాయి. ట్యాంకరు ఆరింటికి వచ్చింది. ఆ ఇరవై నిమిషాల్లోనే తోపు వైపు ఎక్కువ మంది వెళ్లారు. 28 లక్షల ప్రాజెక్టు ట్యాంకరు డ్రైవరు నిద్రలేచే టైము మీద ఆధారపడి ఉందని మా లాగ్‌ఫ్రేములో (ప్రాజెక్టు ప్రణాళిక పట్టికలో) ఏ గడిలోనూ లేదు.

చివరి రెండు గదుల సంగతి కూడా తెలిసింది. ఒకదానికి లోపలి గడియ విరిగింది. ఇంకోదానికి గడియ బాగానే ఉంది గానీ అక్కడ బల్బు పోయింది. ఆ వరస చివర ఒక సందుంది, మగవాళ్ల వైపు నుంచి నేరుగా రావచ్చు. చీకట్లో అక్కడికి ఎవరూ వెళ్లరు. ఒకావిడ ముందు గదుల్లో ఒకదాని గడియ కూడా వదులైందని, చున్నీ కొసను కొక్కేనికి చుట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని కూర్చోవడం ఎలాగో నాకు చేసి చూపించింది.

ప్రశ్న మార్చాను. ‘వాడుతున్నారా’ అని కాకుండా ‘ఈ పొద్దున ఎక్కడికి వెళ్లారు’ అని, తెలుగు వచ్చిన ఆడపిల్లల చేత, మేస్త్రి పనికి పోయాక అడిగించాను. పాత 71 కుటుంబాల్లో 43 బాత్రూమ్ అన్నాయి. 61 శాతం.

ఇక ఫోన్లు. పోయిన 113లో 88 కుటుంబాల నంబర్లు ఉన్నాయి. 53 మంది ఎత్తారు. 29 మంది విత్తనానికి ఊళ్లో ఉన్నారు, దసరా దాటాక వస్తామన్నారు. ఒకావిడ అయితే వెనకాల ఎద్దును అదిలిస్తూనే నాతో మాట్లాడింది. 17 మంది వేరే సైట్లకు వెళ్లారు. పెద్దాయన చెప్పిన ‘ఈ రెండూ కానివాళ్లు’ 7 కుటుంబాలు. మరుగుదొడ్లు తెరిచిన మరుసటి నెల నుంచి స్థలం యజమాని షెడ్డు అద్దె 1,200 నుంచి 1,700 చేశాడట. ఎందుకని అడిగితే ‘బాత్రూములు వచ్చాయి కదా’ అన్నాడట. కట్టలేక ఏడుగురూ రెండు కిలోమీటర్ల అవతలికి మారారు. అక్కడ మరుగుదొడ్డి ఉందా అని అడిగితే, షెడ్డు 112లో ఉండే ఆవిడ, ఆ 34 ఏళ్లావిడే, ‘ఉంటే ఇక్కడ కూడా 1,700 అయ్యేది కదమ్మా’ అంది.

రిపోర్టులో ఇదంతా మొదటి పేజీలోనే పెట్టాను. 91 ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు తీసేశామో, నా తప్పులతో సహా. సార్ రెండుసార్లు చదివి, అద్దాలు తీసి, ‘ఏడుగురే కదా?’ అన్నారు. ‘ఫోన్ ఎత్తినవాళ్లలో ఏడుగురు సార్’ అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆ పేరా తీసేయమని కూడా అనలేదు.

ఫండర్‌కి ముందే ఫోన్ చేశాను. గడియలు, బల్బు, ఇంకో సంపు గురించి ఆవిడ బాగానే విన్నారు, ఎస్టిమేట్ పంపమన్నారు. అద్దె విషయానికి వచ్చేసరికి ‘యజమానితో మాట్లాడటం ప్రాజెక్టు పరిధిలో లేదు కదా’ అన్నారు. పరిధిలో లేదు నిజమే. కట్టేముందు అద్దె పెంచనని ఆయన దగ్గర ఒక కాగితం రాయించుకుని ఉండాల్సింది. వచ్చే ప్రాజెక్టు వీలైతే అలాగే మొదలుపెడతాం. ఈ ఏడుగురికి మాత్రం ఏం చేయాలో ఇంకా తేలలేదు.

ఈ ఆదివారం రాత్రి ఎనిమిదికి లెక్క పైకి చదువుతున్నాం. యజమానిని కూడా పిలిచాను, వస్తాడో రాడో. మైకు, స్పీకరు అద్దె 600 అడుగుతున్నారు. అది ఏ ఖాతాలో చూపాలో ఎవరైనా చెప్పగలరా?

---

టేబుల్ అవతలివాడు:

‘కమ్యూనిటీ మీటింగ్’ కింద రాయండి. బిల్లు మాత్రం తీసుకోండి.